ఫ్రాన్స్ పల్లెల్లో వేసవి తిరుగుడు: దోర్దోనా, ప్రొవాన్సా, లేక ఇంకెక్కడికైనా వెళ్లాలా?

ముందే చెప్పేస్తున్నా, ఇందులో పారిస్ లేదు. ఈఫిల్ టవర్ చూసేశాక, లేదా అసలు చూడకుండానే, ఒక కారు తీసుకుని ఫ్రాన్స్ పల్లెల్లో వారం పది రోజులు తిరుగుదాం అనుకునేవాళ్ల కోసం ఇది. ఏటా మార్చి రాగానే ఎవరో ఒకరు ఫోన్ చేసి "ఎక్కడికి వెళ్తే బాగుంటుంది" అంటారు, నేను నోరు తెరిచేలోపే వాళ్ల లిస్టు వాళ్లే చదివేస్తారు: లువార్ కోటలు మూడు రోజులు, దోర్దోన్ రెండు రోజులు, ప్రొవాన్స్‌లో లావెండర్ మూడు రోజులు, తిరుగు దారిలో వీలుంటే ఆల్ప్స్. వీలుండదు. నాకెలా తెలుసంటే మొదటిసారి మేమూ అచ్చం ఇదే లిస్టుతో బయల్దేరాం.

మేం జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర ఉంటాం. ఆ ఏడాది తెనాలి నుంచి మా అత్తగారు, మామగారు వచ్చారు, తొమ్మిది రోజుల్లో ఆరు ఊళ్లలో పడుకున్నాం. ఆ ప్రయాణం గురించి ఇప్పుడు అడిగితే మా అత్తగారికి గుర్తున్నవి రెండే, సూట్‌కేసులు ఎక్కించడం, సూట్‌కేసులు దించడం. రెండేళ్ల తర్వాత దోర్దోన్‌లో ఒకే ఇంట్లో ఏడు రాత్రులు ఉన్నాం, నాలుగో రోజుకి మా మామగారు ఒక్కరే నడుచుకుంటూ బేకరీకి వెళ్లి బొంజూర్ చెప్పి బ్రెడ్ తెచ్చేశారు, ఆయనకి వచ్చిన ఫ్రెంచ్ అంతా అదే.

అందుకని ప్రాంతం తర్వాత తేల్చుకోండి. మొదట తేల్చాల్సింది ఎన్ని మకాములు అన్నది. ఎనిమిది రోజుల లోపు అయితే ఒకటే మకాం. పది నుంచి పద్నాలుగు రోజులుంటే రెండు, వాటి మధ్య రెండు మూడు వందల కిలోమీటర్లకి మించకుండా. రోజుకో ఊరు మారే పద్ధతి పిల్లలు లేని, ఒక్కో బ్యాక్‌ప్యాక్‌తో తిరిగే జంటలకి బాగానే ఉంటుంది, మిగతావాళ్లకి అది శిక్ష. కారణం మరీ గొప్పదేం కాదు. హైవే దిగాక అక్కడి రోడ్లన్నీ రెండు వరసలవే, 2018 నుంచి చాలా చోట్ల స్పీడ్ లిమిట్ 80, ఊరు రాగానే 50, కొన్ని చోట్ల 30, ముందొక ట్రాక్టరు. మ్యాప్‌లో అరవై కిలోమీటర్లు అని చూపిస్తే గంటా పావు వేసుకోండి. దానికి తోడు జులై, ఆగస్టుల్లో అద్దె ఇళ్లు ఎక్కువగా శనివారం నుంచి శనివారం వరకే ఇస్తారు, మూడు రాత్రులకి అడిగితే కుదరదంటారు.

ఎప్పుడు వెళ్లాలి

ఇక్కడ ఇండియా నుంచి వచ్చేవాళ్ల లెక్క వేరు, యూరప్‌లో ఉండేవాళ్ల లెక్క వేరు. ఫ్రెంచ్ పిల్లలకి వేసవి సెలవులు జులై మొదట్లో మొదలై ఆగస్టు ఆఖరు దాకా ఉంటాయి. మన ఆంధ్ర, తెలంగాణ బడుల సెలవులు ఏప్రిల్ ఆఖర్లో ఇచ్చి జూన్ రెండో వారానికి అయిపోతాయి. అంటే మన సెలవులు అయ్యాకే వాళ్ల సీజన్ మొదలవుతుంది, ఇది చాలామందికి నిరాశగా అనిపిస్తుంది గానీ నన్నడిగితే అదృష్టం. మే ఆఖరు, జూన్ మొదటి వారాల్లో అద్దెలు తక్కువ, నాలుగు రాత్రులకైనా ఇల్లు ఇస్తారు, గోధుమ చేల గట్ల మీద ఎర్రటి పాపీ పూలు ఉంటాయి, రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుతురు ఉంటుంది. పోయేది రెండే, లావెండర్ ఇంకా పూయదు, ఈత కొలను నీళ్లు వేడి చేయని ఇంట్లో అయితే పిల్లలు కాలు పెట్టి వెనక్కి తీస్తారు. మే నెలలో వాళ్లకి వరసగా పండుగ సెలవులుంటాయి, 1, 8 తేదీలు, తర్వాత ఈస్టర్‌ని బట్టి మారేవి ఇంకో రెండు. ఆ లాంగ్ వీకెండ్‌లలో మాత్రం ధరలు లేస్తాయి.

యూరప్‌లో, బ్రిటన్‌లో ఉండేవాళ్లకి పిల్లల బడి వల్ల జులై, ఆగస్టు తప్పదు. తప్పనప్పుడు కనీసం శనివారం పొద్దున ప్రయాణం పెట్టుకోకండి. జులై ఆఖరి శనివారం, ఆగస్టు మొదటి శనివారం, ఈ రెంటిలో ఏదో ఒకదానికి దేశం సగం సెలవు నుంచి ఇంటికి, సగం ఇంటి నుంచి సెలవుకి వెళ్తుంది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరే షాసే క్రువాజే. ప్రభుత్వం బిజోన్ ఫ్యూతే అనే సైటులో ఏ రోజు రోడ్లు ఎలా ఉంటాయో రంగుల్లో ముందే చెబుతుంది: ఆకుపచ్చ, నారింజ, ఎరుపు, నలుపు. నలుపు రోజున దక్షిణం వైపు వెళ్లే మోటర్‌వే ఎక్కడమంటే సంక్రాంతి ముందురోజు విజయవాడ హైవే టోల్‌గేట్ దగ్గర నిలబడ్డట్టే. శుక్రవారం మధ్యాహ్నానికే బయల్దేరి దారిలో ఒక రాత్రి ఆగండి. జులైలో సైకిల్ పందెం, అదే తూర్ ద ఫ్రాన్స్, మీ దారిన వెళ్తుందేమో కూడా చూసుకోండి, ఆ రోజు ఆ రోడ్డు గంటల తరబడి మూసేస్తారు. ఎదురుగా వస్తే తిట్టుకోకుండా కుర్చీ వేసుకుని చూడండి, పందెం కంటే ముందు వచ్చే ప్రచార బళ్ల మీంచి టోపీలు, చాక్లెట్లు విసురుతారు, పిల్లలకి అదే పండగ.

దోర్దోన్, ప్రొవాన్స్: అసలు పోటీ ఈ రెంటికే

ఆగ్నేయ మూలనున్న ప్రొవాన్స్ అందరికీ ఫోటోల్లో తెలుసు. ఊదా రంగు లావెండర్ వరసలు, గుట్ట మీద గోర్డ్, ఎర్ర మట్టి ఊరు రుసియోన్, సెనాంక్ మఠం. అన్నీ నిజంగానే ఉన్నాయి, నిజంగానే అందంగా ఉన్నాయి. కానీ లావెండర్‌కి టైముంది. వలన్సోల్ మైదానంలో జూన్ ఆఖరు నుంచి జులై సగం వరకే, తర్వాత కోసేస్తారు. ఎత్తున ఉన్న సో ఊరి చుట్టుపక్కల ఇంకొంచెం ఆలస్యం, జులై ఆఖరు దాకా, కొన్నేళ్లు ఆగస్టు మొదటికీ దొరుకుతుంది. ఆగస్టు 10న వలన్సోల్ వెళ్లి "ఫోటోలో ఉన్నది ఏది" అని వెతుక్కున్నవాళ్లు నాకు తెలిసి మూడు కుటుంబాలు, అందులో ఒకటి మాది.

ఎండ సంగతీ చెప్పాలి. రోహిణి కార్తె చూసినవాళ్లం మనకేంటి అనుకుంటాం. మనకి ఇంట్లో ఏసీ ఉంటుంది, అక్కడ చాలా ఇళ్లలో ఉండదు. 38, 40 డిగ్రీల రోజులు ప్రొవాన్స్‌లోనూ ఉంటాయి, నైరుతి వైపున్న దోర్దోన్‌లోనూ ఉంటాయి. పాత రాతి ఇల్లయితే గోడలు మందంగా ఉంటాయి, పొద్దున్నే కిటికీల బయటి చెక్క తలుపులు మూసేసి రాత్రి తెరిస్తే లోపల చల్లగానే ఉంటుంది, మన పెంకుటింటి తెలివి లాంటిదే. డాబా కింద గది, పైకప్పు కింద గది అని రాసుంటే మాత్రం ఆ పైగది వద్దు. ప్రొవాన్స్‌లో ఇంకో తిరకాసు, గాలి ఎక్కువగా ఉన్న రోజుల్లో కార్చిచ్చు భయంతో కొండ దారులు, అడవులు మూసేస్తారు, ఏది తెరిచి ఉందో ముందురోజు సాయంత్రం జిల్లా అధికారుల మ్యాప్‌లో చూసుకోవాలి. ఆ ఎండకి మందు వెర్దోన్ లోయ కింద సేంత్ క్రువా సరస్సు. నీళ్లు నమ్మశక్యం కాని రంగులో ఉంటాయి, పెడల్ పడవ తీసుకుని లోయ మూతి దాకా తొక్కుకుంటూ వెళ్లొచ్చు. ఈ ఒక్కదానికోసం ప్రొవాన్స్‌కి ఓటేసేవాళ్లుంటే నేను వాదించను.

ఇక దోర్దోన్. ఫ్రెంచ్‌వాళ్లు పెరిగోర్ అంటారు. ఇక్కడ ఒక్కటంటూ బ్రహ్మాండమైనది లేదు, ఇరవై కిలోమీటర్ల లోపల పది మంచివి ఉన్నాయి, ఒకే మకాం పద్ధతికి ఇంతకంటే ఏం కావాలి. సర్లా ఊరు మధ్యలో పెట్టుకుంటే నది మీద బేనాక్ కోట, దాని ఎదురుగా కాస్తెల్నో కోట, కాస్త ఎగువన కొండకి అతుక్కుని లా రోక్ గజాక్ ఊరు. నూరేళ్ల యుద్ధంలో ఆ రెండు కోటలూ కొంతకాలం చెరో పక్షాన, ఒకటి ఫ్రెంచ్, ఒకటి ఇంగ్లిష్, నది అవతలి ఒడ్డు మీద చూపు పెట్టి కూర్చున్నాయి. ఇవన్నీ కారులోంచి కాదు, చిన్న పడవలోంచి చూడాలి. ఎగువన వదిలిపెడతారు, తెడ్డు వేసుకుంటూ రెండు మూడు గంటల్లో కిందికి వస్తారు, అక్కడి నుంచి వ్యాన్‌లో వెనక్కి తీసుకొస్తారు. నది నెమ్మది, వేసవిలో చాలా చోట్ల మోకాలి లోతు. మా మామగారు "గోదారి ముందు ఇదెంతరా" అంటూనే ఎక్కి, దిగాక రేపు కూడా వద్దామా అన్నారు.

ఆదిమానవులు బొమ్మలు గీసిన లాస్కో గుహ సంగతి తెలిసే ఉంటుంది. 1940 సెప్టెంబరులో కుర్రాళ్లకి దొరికింది, జనం ఊపిరికే బొమ్మలు పాడవుతున్నాయని 1963లో మూసేశారు. ఇప్పుడు చూసేది నకలు, 2016 డిసెంబరులో తెరిచిన నాలుగో లాస్కో, మోంతిన్యాక్‌లో. నకలుకి అంత డబ్బా అని మేమూ అనుకున్నాం. లోపలికి వెళ్లాక ఎవరికీ గుర్తులేదు అది నకలని. అసలు బొమ్మలే చూడాలని పట్టుదల ఉంటే లేజేజి దగ్గర ఫోన్ ద గోమ్ ఉంది, రంగుల బొమ్మలున్న అసలు గుహ, రోజుకి కొద్దిమందినే పంపిస్తారు, చాలా ముందే టికెట్ తీసుకోవాలి. పడిరాక్ అనే పాతాళ బావి ఇంకో రోజు పని, డెబ్బై ఐదు మీటర్ల లోతు గొయ్యిలోకి దిగి, ఇంకా కిందికి వెళ్లి నేలకింద నదిలో పడవెక్కడం. లోపల ఎప్పుడూ 13 డిగ్రీలే, పైన ఎంత మండినా స్వెట్టర్ తీసుకెళ్లండి. లిఫ్టులున్నా కొంత మెట్ల దారి తప్పదు, మోకాళ్ల నొప్పులవాళ్లని రొకమడూర్‌లో కూర్చోబెట్టడం మేలు, అక్కడ కొండ మీద గుడికి 216 మెట్లున్నా పక్కనే లిఫ్టు కూడా ఉంది. పూర్వం యాత్రికులు ఆ మెట్లు మోకాళ్ల మీద ఎక్కేవాళ్లట. మా అత్తగారు అది విని తిరుపతి మోకాళ్ల పర్వతం తలుచుకుని, లిఫ్టులో ఎక్కినందుకు కొంచెం నొచ్చుకున్నారు.

దోర్దోన్ మైనస్ ఒకటే, అది పెద్దదే. తిండి. అది బాతుల దేశం. బంగాళాదుంప వేపుడు చూసి శాకాహారులు ఆశపడతారు, సర్లా పద్ధతి దుంపల్ని వేయించేదే బాతు కొవ్వులో. ప్రొవాన్స్‌లో కూరగాయలు, ఆలివ్ నూనె, వంకాయ ఎక్కువ కాబట్టి హోటళ్లలో కాస్త నయం, అక్కడా ఆలివ్ పచ్చడి తాపెనాద్‌లో మామూలుగా చేప ఉంటుంది, అడిగి తినండి.

నా తీర్పు: మొదటిసారి, కుటుంబంతో, ఒకే వారం అంటే దోర్దోన్. జూన్ ఆఖరి వారం నుంచి జులై రెండో వారం మధ్యలో ఖాళీ దొరికి, లావెండర్ జీవితంలో ఒక్కసారైనా చూడాలనుంటే ప్రొవాన్స్. ఆగస్టులో ప్రొవాన్స్‌కి నేను ఎవరినీ పంపను.

మిగతా మూడూ

ఓవెర్న్ గురించి మనవాళ్లు అడగరు, అడగాలి. దేశం నడిబొడ్డున చల్లారిన అగ్నిపర్వతాలు, పైన గడ్డి కప్పుకుని బోర్లించిన గిన్నెల్లా వరసగా ఉంటాయి, 2018లో యునెస్కో జాబితాలో చేరాయి. 1,465 మీటర్ల పుయ్ ద దోమ్ పైకి పళ్ల చక్రాల రైలుంది, అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి తీసుకెళ్లిపోవచ్చు. ఎత్తు వల్ల ఆగస్టులో కూడా రాత్రికి దుప్పటి కావాలి. జనం తక్కువ, అద్దె తక్కువ, అక్కడి పెద్ద ఊరు క్లెర్మోన్ నుంచి దక్షిణానికి వెళ్లే ఏ75 మోటర్‌వేకి మియో వంతెన దగ్గర తప్ప టోల్ లేదు. పైగా పుయ్ పచ్చ పప్పు ఈ పక్కదే, ఉడికించి తాలింపు వేసి చూడండి, పెసరపప్పు కాదు గానీ బాధపడరు. మైనస్ ఏంటంటే చూసేవి దూరం దూరంగా ఉంటాయి, కొండల్లో వాన వస్తే మూడు రోజులు మబ్బే, అప్పుడు ఇంట్లో అష్టాచెమ్మా. వేడికి భయపడేవాళ్లకి, నడిచే అలవాటున్నవాళ్లకి నా మొదటి సలహా ఇదే.

లువార్ కోటలు కారు నడపనివాళ్లకి. పారిస్ నుంచి తూర్ ఊరికి టీజీవీ అనే హైస్పీడ్ రైల్లో గంట పైచిలుకు, అక్కడి నుంచి అంబువాజ్‌కి, షెనోన్సోకి లోకల్ రైళ్లున్నాయి, షెనోన్సో స్టేషన్ కోట గేటు పక్కనే. నేల చదును, నది వెంట సైకిల్ దారి దాదాపు 900 కిలోమీటర్లు, కావలసినంత ముక్క తొక్కి ఆపేయొచ్చు. కానీ రోజుకి ఒక కోట చాలు. మూడో రోజుకి మావాడు "మళ్లీ మంచమేనా" అన్నాడు, రాజు పడుకున్న మంచాలు చూసి చూసి.

బ్రిటనీ సముద్రం కావాలనుకునేవాళ్లకి. మోటర్‌వేలకి టోల్ లేదు, జులైలో 22, 23 డిగ్రీలు, వాన ఏ రోజైనా రావచ్చు. శాకాహారులకి ఫ్రాన్స్ మొత్తంలో హాయిగా ఉండేది ఇక్కడే అని నా అనుభవం, ఎందుకంటే వీధికో గాలెత్ కొట్టుంటుంది. నల్ల గోధుమ పిండితో పెద్ద పెనం మీద పల్చగా తిప్పే అట్టు, గుడ్డు, చీజ్, పుట్టగొడుగులు వేయమని హ్యామ్ వద్దని చెబితే సరి. మా అత్తగారు దాన్ని రవ్వట్టుకి చెల్లెలు అని తేల్చారు, పక్కన అల్లం పచ్చడి లేదన్నదే ఆవిడ బాధ.

పడుకునేది ఎక్కడ

జీత్ అంటే వంటిల్లుతో సహా అద్దెకిచ్చే పల్లెటూరి ఇల్లు. దానికీ మన జీతానికీ సంబంధం లేదు, ఆగస్టులో ఈతకొలనుతో తీసుకుంటే మాత్రం ఉంటుంది. జీత్ ద ఫ్రాన్స్ సంస్థ ఇళ్లకి నక్షత్రాల బదులు కంకి గుర్తులు ఇస్తుంది, ఒకటి నుంచి ఐదు దాకా. మూడు కంకులుంటే నిశ్చింతగా తీసుకోండి. అద్దెలో దుప్పట్లు, తువ్వాళ్లు కలిసున్నాయా, చివర్లో ఇల్లు ఊడ్చి తుడిచి ఇవ్వాలా లేక దానికి వేరే డబ్బా, కరెంటు వేరా, ఈ మూడూ బుక్ చేసే ముందే చదవండి. మేం చదవకుండా వెళ్లి మొదటి రాత్రి చీరలు పరుచుకుని పడుకున్నాం. కొలనుకి 2003 నాటి చట్టం ప్రకారం కంచో అలారమో మూతో ఏదో ఒక రక్షణ ఉండాలి, కానీ అలారం మోగేది నీళ్లలో పడ్డాకే, చిన్నపిల్లలుంటే కంచె ఉన్నదే అడగండి.

షాంబ్ర్ దోత్ అంటే ఇంటివాళ్లు తమ ఇంట్లోనే గదులివ్వడం, చట్ట ప్రకారం ఐదు గదులకి మించకూడదు, పొద్దుటి టిఫిను అద్దెలోనే. కొంతమంది ముందు చెబితే రాత్రి భోజనం కూడా అందరితో కలిపి ఒకే బల్ల మీద పెడతారు. ఇద్దరే వెళ్తుంటే, కాస్త ఫ్రెంచో ఇంగ్లిషో మాట్లాడే ఓపికుంటే దీన్ని మించింది లేదు. పెద్దవాళ్లుంటే వద్దు, తొమ్మిదింటికి అన్నం ఎక్కడ వండుతారు.

క్యాంపింగ్‌లో మొబైల్ హోమ్, అంటే క్యాంపులో కదలకుండా ఉండే రెడీమేడ్ ఇల్లు, చవక, పిల్లలకి ఆటలు, జారుడు బండలు, స్నేహితులు. మగపిల్లల షార్ట్‌లు మాత్రం చూసుకోండి, మునిసిపల్ కొలనుల్లో, చాలా క్యాంపుల్లో వదులు నిక్కర్లతో దిగనివ్వరు, ఒంటికి అతుక్కునే ఈత డ్రాయరే కావాలి. మోటర్‌హోమ్, అంటే మంచాలూ వంటిల్లూ ఉన్న బండి, ఆ మోజు చాలామందికి ఉంటుంది, నాకూ ఉండేది. సన్నటి పల్లె సందుల్లో, పార్కింగ్ దగ్గర ఎత్తు అడ్డు కర్రల దగ్గర ఆ మోజు తీరిపోతుంది, జులై అద్దె చూస్తే మిగిలింది కూడా. దాని బదులు ఒక వారం నిజంగా వేరేగా గడపాలంటే కాలువ పడవ ఇల్లు చూడండి. 1681లో పూర్తయిన 240 కిలోమీటర్ల కెనాల్ దు మిది మీద అద్దె పడవకి లైసెన్సు అక్కర్లేదు, గంటకి ఎనిమిది కిలోమీటర్లు, లాకులు దాటడానికి తాళ్లు పట్టుకునే ఇద్దరు బలమైనవాళ్లు కావాలి. ధవళేశ్వరం లాకులు చూసి పెరిగినవాళ్లకి మొదటి అరగంటే టెన్షన్.

కారు, రోడ్డు, పెట్రోలు

పారిస్ నుంచే కారు తీసుకోకండి. రైల్లో దక్షిణానికి వెళ్లి, ఆవిన్యోన్‌లోనో బోర్దోలోనో స్టేషన్ దగ్గర తీసుకుంటే ఒక రోజు డ్రైవింగ్, బోలెడు టోలు మిగులుతాయి. పారిస్ నుంచి ఆవిన్యోన్ రెండు గంటల నలభై నిమిషాలు, బోర్దో రెండు గంటల చిల్లర. ఆటోమేటిక్ గేరు బండి తక్కువ, ధర ఎక్కువ, అదే కావాలంటే ముందే బుక్ చేయండి. ఇండియా నుంచి వచ్చేవాళ్లు మీ లైసెన్సుతో పాటు ఆర్టీవో ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ తెచ్చుకోండి, అది ఏడాదే పనిచేస్తుంది. డిపాజిట్‌కి నడిపేవాళ్ల పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలంటారు, డెబిట్ కార్డుతో వెళ్లి కౌంటర్ దగ్గర వాదించి లాభం లేదు. చిన్న ఊళ్లలో ఆ ఆఫీసులు మధ్యాహ్నం మూసేస్తారు, ఆదివారం అసలు తెరవకపోవచ్చు.

రోడ్డు మీద మూడు గుర్తుపెట్టుకోండి. ఊరి పేరు బోర్డు కనిపించిందంటే అక్కడి నుంచి 50 అని అర్థం, వేరే అంకె రాసి ఉండదు. పాత ఊళ్లలో గుర్తులేమీ లేని కూడలి దగ్గర కుడివైపు సందులోంచి వచ్చేవాడికే దారి ఇవ్వాలి, మీది పెద్ద రోడ్డులా కనిపించినా సరే. మూడోది బంకు దగ్గర. గజోల్ అని రాసుంటే అది డీజిల్! పెట్రోలుకి ఎస్‌పీ95 లేదా ఎస్‌పీ98 చూడండి. సూపర్‌మార్కెట్ బంకులు మోటర్‌వే బంకుల కంటే చవక, ఆదివారం మనుషులుండరు, కార్డు పెట్టుకోవాలి, నూరు యూరోలకి పైగా బ్లాక్ చేసి తర్వాత వదులుతుంది, కంగారుపడకండి. కొన్ని మోటర్‌వేలకి ఇప్పుడు గేట్లే లేవు, ఓవెర్న్ వెళ్లే దారిలో ఏ79, నార్మండీ వైపు ఏ13 అలాంటివే, కెమెరా నంబరు తీసుకుంటుంది, 72 గంటల్లోపు మనమే ఆన్‌లైన్‌లో కట్టాలి. మేం గేటు లేదు కాబట్టి ఫ్రీ అనుకున్నాం. నెలన్నర తర్వాత ఇంటికి ఉత్తరం వచ్చింది.

అన్నం

జీత్ ఎందుకన్నానో ఇక్కడ అర్థమవుతుంది. పల్లె హోటళ్లలో మధ్యాహ్నం భోజనం పన్నెండు నుంచి రెండు వరకే. మేం ఒకసారి రెండూ పదికి చేరాం, టేబుళ్ల మీద జనం ఇంకా తింటున్నారు, వంటిల్లు మాత్రం మూసేశారట, బతిమాలితే ఐస్‌క్రీమ్ ఇచ్చారు. ఆదివారం మధ్యాహ్నం తర్వాత కొట్లు ఉండవు, సోమవారం చాలా ఊళ్లు నిద్రలోనే ఉంటాయి. అందుకే శనివారం ఇంటి తాళాలు తీసుకునే ముందే సూపర్‌మార్కెట్‌కి వెళ్లి రెండు రోజుల సరుకు వేసుకోండి. బాస్మతి, సెనగలు, టమాటా, చక్కెర లేని పెరుగు అన్నీ దొరుకుతాయి, యావూర్ నాచ్యూర్ అని అడిగితే చాలు, ఊరగాయ మీరు తెచ్చుకుంటే పెరుగన్నం తయారు. ఇండియా నుంచి వచ్చేటప్పుడు నెయ్యి, పాలకోవా సంచిలో పెట్టకండి, పాలతో, మాంసంతో చేసినవి ఈయూలోకి తేనివ్వరు, పచ్చి కరివేపాకూ అంతే. ఆవకాయ, కందిపొడి, ఎండు కరివేపాకు తెచ్చుకోవచ్చు, ఆవకాయకి మూడు కవర్లు చుట్టండి.

కూరగాయలకి సంతలున్నాయి. సర్లాలో బుధ, శనివారాలు, ప్రొవాన్స్‌లో ఆప్త్ ఊళ్లో శనివారం, లీల్ సుర్ లా సోర్గ్‌లో ఆదివారం. తొమ్మిదికల్లా వెళ్లండి, పన్నెండున్నరకి సర్దేస్తారు. దోర్దోన్ పల్లెల్లో వేసవిలో రాత్రి సంతలు కూడా పెడతారు, కొట్లలో వేడివేడిగా కొనుక్కుని ఊరంతా పొడవాటి బల్లల మీద కూర్చుని తింటారు, ప్లేట్లు, గ్లాసులు ఇంటి నుంచే తెచ్చుకుంటారు. మేం పులిహోర డబ్బా పట్టుకెళ్లాం, పక్కన కూర్చున్న పెద్దావిడ రెండుసార్లు వడ్డించుకుంది, మామగారి పరువు ఆ రోజు ఆకాశాన్నంటింది. హోటల్లో మాంసం వద్దంటే సలాడ్‌లో బేకన్ ముక్కలు వచ్చే ప్రమాదం ఉంది, అది మాంసంగా వాళ్లు లెక్కపెట్టరేమోనని నా అనుమానం. "సాన్ వియాంద్, సాన్ పువాసోన్, సాన్ లార్దోన్" (మాంసం, చేప, బేకన్ ముక్కలు లేకుండా) అని మూడూ కలిపి చెప్పండి. అన్నిటికంటే ముందు బొంజూర్. కొట్లో అడుగుపెట్టగానే ఆ మాట అనకుండా నేరుగా కావలసింది అడిగితే ముఖం మాడ్చుకుంటారు, అది పొగరు కాదు, మనింటికొచ్చి పలకరించకుండా కాఫీ అడిగితే మనకెలా ఉంటుందో అంతే.

ఏది ముందు బుక్ చేయాలి

ఇండియా నుంచి అయితే వీసా. ఫ్రాన్స్‌కి హైదరాబాద్‌లోనే వీఎఫ్ఎస్ కేంద్రంలో అప్లై చేయొచ్చు, ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, 30,000 యూరోల ఇన్సూరెన్స్ తప్పనిసరి. వీసా రాకముందు ఇల్లు బుక్ చేసేటప్పుడు డబ్బు వెనక్కి వచ్చే షరతు ఉన్నదే తీసుకోండి, ఆ సౌకర్యానికి కొంచెం ఎక్కువైనా సరే. తర్వాత ఇల్లు, ఆగస్టుకైతే జనవరిలోనే మంచివి పోతాయి. ఆ తర్వాత ఆటోమేటిక్ కారు, రైలు టికెట్లు. లాస్కోకి రెండు మూడు వారాల ముందు టైము తీసుకోండి. నది మీద పడవకి మాత్రం నేను ఎప్పుడూ ముందు డబ్బు కట్టలేదు, ముందురోజు సాయంత్రం ఆకాశం చూసి ఫోన్ చేస్తాను, పొద్దున తొమ్మిదిన్నర పడవ అడుగుతాను. పదకొండు దాటాక నది నిండా జనం.